దుప్పటి కట్టిన సూపర్‌హీరో: చేతిలో ఉన్న డబ్బుతో స్పూఫ్ సినిమా తీయడం ఎలా

సూపర్‌హీరో సినిమాలని ఆటపట్టిస్తూ ఒక కామెడీ తీద్దామని నలుగురు ఫ్రెండ్స్ కూర్చుంటే అరగంటలో ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది: "మరి గ్రాఫిక్స్‌కి డబ్బులెక్కడివిరా?" చాలా సినిమాలు అక్కడే ఆగిపోతాయి. ఆగకుండా ముందుకెళ్లినవాళ్లలో కొందరు నాసిరకం గ్రాఫిక్స్ పెట్టేసి, అదే కామెడీ అవుతుందిలే అని సర్దుకుంటారు. చూసేవాళ్లు మొదటి నిమిషం నవ్వుతారు. రెండో నిమిషంలో వేరే వీడియోకి వెళ్లిపోతారు.

డబ్బు లేదన్న సంగతి షూటింగ్ రోజు గుర్తుకు రాకూడదు, కథ రాసేటప్పుడే తేలిపోవాలి. కింద చెప్పేదంతా ఇరవై నిమిషాల సినిమా, యాభై వేల లోపు ఖర్చు, ఒక మంచి ఫోన్, ఐదారుగురు నటులు, మూడు నాలుగు రోజుల షూటింగ్ అన్న లెక్కతో రాశాను. మీ దగ్గర ఇంకా తక్కువుంటే నటుల్ని తగ్గించండి. భోజనాలు మాత్రం తగ్గించకండి.

1. సీన్లని కాదు, అలవాట్లని పట్టుకోండి

ఫలానా సినిమాలో ఫలానా సీన్ తీసుకుని మన హీరోతో మళ్లీ చేయించడం సులువే. కానీ ఆ సినిమా చూడనివాళ్లకి అది అర్థం కాదు, చూసినవాళ్లు కూడా రెండేళ్లలో మర్చిపోతారు. సూపర్‌హీరో కథలన్నిటిలో మళ్లీ మళ్లీ కనబడే అలవాట్లు వేరు. అవి ఎవరికైనా తెలుసు, ఎవరి సొత్తూ కావు. ఒక పుస్తకం తీసుకుని వరసగా రాయండి: శక్తి రావడం, డ్రెస్సు కుట్టుకోవడం, ముసుగేసుకోగానే కన్నతల్లి కూడా గుర్తుపట్టకపోవడం, పెద్దాయన మంచిమాట చెప్పి కన్నుమూయడం, రాత్రిపూట మేడమీద నిలబడి ఊరికేసి చూడటం, ఒంటి మోకాలి మీద నేలకి దిగడం, విలన్ తన ప్లానంతా తనే చెప్పేసుకోవడం, చివర్లో ఆకాశంలోకి నీలం కాంతి లేవడం, పేర్లు పడ్డాక ఇంకో సీను.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన మీ వీధిలో జరిగే ప్రశ్న రాయండి. ఆ డ్రెస్సు ఉతికేదెవరు? అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికి ఏ కొరియర్ వచ్చిందో కూడా తెలిసిన వాచ్‌మన్ ఉండగా రహస్యం దాగేదెలా? మేడమీద నిలబడి ఊరికేసి చూడాలంటే అక్కడ వడియాలు ఎండబెట్టి ఉంటే? ఒంటి మోకాలి మీద దిగేది సరిగ్గా ఆ వడియాల మీదైతే? ఆకాశంలోకి లేచే కాంతికి గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఊరిబయట ఫంక్షన్ హాల్లో పెళ్లికి పెట్టే సెర్చ్‌లైట్ ఉంది. లోకం అంతమైపోతోందని హీరో ఆ వెలుగు పట్టుకుని పరిగెత్తి చివరికి బంతి భోజనాల్లో తేలతాడు.

హీరో తన పనిని ప్రాణం పెట్టి చేస్తుండాలి, అతనికొచ్చే చిక్కు మాత్రం చాలా చిన్నదై ఉండాలి. ఆ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగితే నవ్వు అంత వస్తుంది. దానికి పైసా ఖర్చవదు.

ఇది మన ఊళ్లలో జరగని పనేం కాదు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా మాలేగావ్ మరమగ్గాల పట్నం. అక్కడ వీడియో పార్లర్ నడిపిన షేక్ నాసిర్ పెద్ద హిందీ సినిమాలకి స్థానిక స్పూఫులు తీస్తూ చివరికి సూపర్‌మ్యాన్‌ని కూడా మాలేగావ్ తీసుకొచ్చారు. హీరో మగ్గం పనిచేసే బక్కపలచని మనిషి. ఊళ్లో దుమ్ముకి ఆ సూపర్‌మ్యాన్‌కి ఉబ్బసం. విలన్‌కి మురికంటే మహా ఇష్టం. ఆ షూటింగ్ మీద 2008లో వచ్చిన డాక్యుమెంటరీ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' దొరికితే పని మొదలెట్టే ముందు టీమంతా కలిసి చూడండి. ఆకుపచ్చ గుడ్డతో, సైకిల్‌తో ఎంత దూరం వెళ్లొచ్చో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ ఉబ్బసం చూడండి. అది నాసిర్‌కి అమెరికా నుంచి రాలేదు, ఊరి గాల్లోంచి వచ్చింది.

2. గ్రాఫిక్స్ అక్కర్లేని శక్తి ఇవ్వండి

ఎగరడం, మంటలు కక్కడం, మాయమవడం అన్నీ ఖర్చే. బయటికి కనబడని శక్తి అయితే ఖర్చు సున్నా. ఈ గైడ్ అంతటా ఒకే ఉదాహరణ పెట్టుకుందాం: మన హీరోకి కరెంటు పోయే ఐదు నిమిషాల ముందే తెలిసిపోతుంది. అంతే. కరెంటు పోకుండా ఆపలేడు, తిరిగి తెప్పించలేడు. తెలుస్తుందంతే. పేరు ఫ్యూజు వీరుడు.

ఇలాంటి శక్తితో సీన్లు వాటంతట అవే పుడతాయి. లిఫ్ట్ ఎక్కబోతున్న ఆంటీని ఆపుతాడు, ఆవిడ వినదు. ఐదు నిమిషాల తర్వాత లిఫ్ట్ లోపలినుంచి ఆవిడ తిట్లు వినబడుతుంటాయి, బయట అతను కళ్లు మూసుకుని బరువుగా ఊపిరి వదులుతాడు. టీవీలో మ్యాచ్ చివరి ఓవర్ నడుస్తుండగా అతను లేచి నిలబడితే ఇంటిల్లిపాదీ వణికిపోతారు. పిండి సగం రుబ్బిన గ్రైండర్, నీళ్లెక్కుతున్న మోటారు, ఇస్త్రీపెట్టె, ఏవి చూసినా కథే. కరెంటు పోవడం తీయడానికి స్విచ్ కట్టేస్తే చాలు.

2000లో అమెరికాలో 'ది స్పెషల్స్' అని చిన్న బడ్జెట్ సినిమా ఒకటొచ్చింది. సూపర్‌హీరోలకి సెలవురోజు ఎలా గడుస్తుందన్నది కథ. యుద్ధాలు దాదాపు ఉండవు, మాటలూ అలకలే. రాసింది జేమ్స్ గన్. తర్వాతి రోజుల్లో మార్వెల్, డీసీ అనే పెద్ద సూపర్‌హీరో కంపెనీలు రెండింటికీ కోట్లు పోసిన సినిమాలు తీసింది ఆయనే.

విలన్‌ని హీరో శక్తికి సరిగ్గా ఎదురుగా పెట్టండి. మనవాడికి విలన్ ఇన్వర్టర్ల షాపు ఓనర్. కరెంటు పోవడమే ఆయన బతుకుతెరువు. తన భయంకరమైన ప్లాన్ చెప్పుకుంటూ నవ్వబోతుంటే ప్రతిసారీ ఒక కస్టమర్ వచ్చి బ్యాటరీలో నీళ్లు తగ్గాయంటాడు. ఆయన నవ్వు ఆపి "వారంటీ కార్డు తెచ్చారా అండీ?" అని మర్యాదగా అడుగుతాడు. కస్టమర్ వెళ్లాక నవ్వు ఆపిన చోటునుంచే మళ్లీ మొదలవుతుంది.

3. స్క్రిప్టు రాసేటప్పుడు లెక్కపెట్టాల్సినవి

పేజీకి ఒక నిమిషం అనుకోండి. ఇరవై పేజీలు దాటితే కొట్టేయండి. లొకేషన్లు నాలుగు మించకూడదు: ఒక ఇల్లు, ఒక మేడ, ఒక షాపు, ఒక వీధి. రాత్రి సీన్లు రెండుకంటే ఎక్కువ వద్దు. మన కథలో కరెంటు పోవాలి కాబట్టి రాత్రి కావాలనిపిస్తుంది. కానీ పగలు ఫ్యాను ఆగిపోవడం చీకటి పడటం కంటే బాగా నవ్విస్తుంది, లైట్ల ఖర్చూ తప్పుతుంది.

డైలాగులో హీరోకి తను కామెడీ సినిమాలో ఉన్నానన్న సంగతి తెలియకూడదు. ఒక చిన్న ముక్క చూడండి.

అమ్మ: ఒరేయ్, అటకమీద చలికాలం దుప్పటి ఏదిరా?
హీరో (కిటికీలోంచి దూరంగా చూస్తూ): అది ఇక దుప్పటి కాదమ్మా.
అమ్మ: ఏదైతే అదయింది, సాయంత్రానికి ఉతికి ఆరేయి. రేపు మీ పెద్దమ్మ వాళ్లొస్తున్నారు.

ఇందులో ఎవరూ జోకు వేయలేదు. అమ్మ కూడా వెటకారం చేయడం లేదు, ఆవిడకి నిజంగానే దుప్పటి కావాలి. రాస్తున్నప్పుడు ఏ పాత్రకైనా "నేనిప్పుడు పంచ్ వేస్తున్నా" అన్న స్పృహ వచ్చిందనిపిస్తే ఆ లైను తీసేయండి.

పెద్దాయన చనిపోయే సీన్ ఉండాల్సిందే, లేకపోతే సూపర్‌హీరో కథ కాదు. మనకి ఆ పెద్దాయన లైన్‌మన్ బాబాయ్. మంచం మీద పడుకుని హీరో చెయ్యి పట్టుకుని చెబుతాడు: "పవర్ ఎంత ఎక్కువ వాడితే... బిల్లు అంత ఎక్కువొస్తుందిరా." హీరో గుండె పగిలేలా ఏడుస్తాడు. బాబాయ్ చావడు. ఆయనకి పక్క మండలానికి బదిలీ అయింది, పొద్దున్నే బస్సుంది, అందుకే త్వరగా పడుకున్నాడు.

యాసని జోకు చేయకండి. శ్రీకాకుళం మాట, తెలంగాణ మాట, చిత్తూరు మాట పెట్టి నవ్వించే రోజులు ఎప్పుడో అరిగిపోయాయి. ఎవరి మాట వాళ్లని మాట్లాడనివ్వండి, సినిమాకి ఊరు దానంతటదే వస్తుంది. ఒళ్లు, రంగు, కులం మీద వేసే జోకుల సంగతీ అంతే. అవి రాసుకున్నంతసేపే సులువు.

4. పేర్లు, బొమ్మలు, హక్కులు: ఇక్కడ అశ్రద్ధ వద్దు

"స్పూఫే కదా, ఏం చేసినా చెల్లుతుంది" అనే మాట నమ్మకండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 52వ సెక్షన్ విమర్శ, సమీక్ష కోసం వాడుకుంటే కొంత వెసులుబాటు ఇస్తుంది. పేరడీ అని విడిగా ఎక్కడా రాసి లేదు. మీరు చేసింది విమర్శ కిందికొస్తుందని వాదించుకోవచ్చు, కాకపోతే ఆ వాదన లాయర్ ఫీజు కట్టి చేయాలి. అందుకని పాత్రల అసలు పేర్లు, ఛాతీ మీద గుర్తులు, డ్రెస్సు డిజైన్, ఒరిజినల్ బీజీఎం, సినిమా క్లిప్పులు వాడకండి. మొదటి మెట్టులో చెప్పిన అలవాట్లు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

'సూపర్‌హీరో' అన్న మాట మీద కూడా అమెరికాలో మార్వెల్, డీసీ రెండూ కలిసి ఏళ్లతరబడి ట్రేడ్‌మార్కు ఉంచుకున్నాయి. ఒక చిన్న కామిక్స్ కంపెనీ సవాలు చేస్తే 2024లో అక్కడి ట్రేడ్‌మార్కు ఆఫీసు ఆ రిజిస్ట్రేషన్లని రద్దు చేసింది. పెద్ద కంపెనీలు ఎంత చిన్న విషయాన్ని కూడా పట్టించుకుంటాయో చెప్పడానికే ఇది.

నిజంగా ఒక సినిమాని సీన్లవారీగా అనుసరించాలని ఉంటే దానికి దారి ఒకటుంది: కొనుక్కోవడం. 1980లో వచ్చిన 'ఎయిర్‌ప్లేన్!' స్పూఫ్‌లకి పాఠ్యపుస్తకం. దాన్ని తీసినవాళ్లు 1957 నాటి 'జీరో అవర్!' అనే సీరియస్ విమానం సినిమా హక్కులు కొనుక్కుని, ఆ కథమీదే జోకులు అల్లారు.

5. నవ్వించేవాళ్లని కాదు, నవ్వనివాళ్లని తీసుకోండి

అదే 'ఎయిర్‌ప్లేన్!'లో చేసిన ఇంకో మంచి పని, అప్పటిదాకా గంభీరమైన పాత్రలే వేస్తూ వచ్చిన లెస్లీ నీల్సన్ లాంటి నటుల్ని తీసుకోవడం. వాళ్లు ఎంత పిచ్చి మాటైనా డాక్టర్ రిపోర్టు చదివినట్టు చెప్పారు. సినిమా నిలబడింది దాని మీదే. నీల్సన్ ఆ తర్వాత కామెడీకే పేరుపడ్డారు, 2008లో వచ్చిన 'సూపర్‌హీరో మూవీ'లో కూడా వేశారు.

మన దగ్గర ఇలాంటివాళ్లకి కొదవలేదు. పరిషత్తు నాటకాలు ఆడేవాళ్లని అడగండి. గొంతు గట్టిగా ఉంటుంది, డైలాగు నోటికొచ్చి ఉంటుంది, టేకుల మీద టేకులు తినరు. కాకపోతే కెమెరా ముందు కాస్త తగ్గించి చేయమని చెప్పాలి. విలన్ పాత్రకి మాత్రం తగ్గించమనకండి. మీ గ్యాంగులో అందరికంటే ఎక్కువ నవ్వించే కుర్రాణ్ణి హీరో చేయాలనిపిస్తుంది, ఆగండి. అతను ప్రతి షాట్‌లోనూ కంటితో "చూశారా?" అంటాడు. అతన్ని రైటింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. అమ్మ పాత్రకి నిజం అమ్మ దొరికితే ఇంకేం కావాలి. ఆవిడకి స్క్రిప్టు ఇవ్వకండి, విషయం చెప్పి వదిలేయండి.

ఒక టెస్టు పెట్టండి. నటుడికి కరెంటు బిల్లు చేతికిచ్చి దాన్ని అమరవీరుడి ఉత్తరంలా చదవమనండి. మీరు నవ్వి, అతను నవ్వకపోతే మీ హీరో దొరికినట్టే.

6. డ్రెస్సు

బ్లౌజులు కుట్టే టైలర్ దగ్గరికి వెళ్లండి. సాగే గుడ్డ కుట్టడం డాన్సు డ్రెస్సులు కుట్టేవాళ్లకి ఇంకా బాగా తెలుసు. స్కూలు వార్షికోత్సవాలకి డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో ఒకసారి తిరిగితే సగం పని అక్కడే అయిపోతుంది. వెనక కట్టే గుడ్డ గురించి మాత్రం శ్రద్ధ పెట్టండి. నిజం దుప్పటి బరువు, గాలికి లేవదు. మాటల సీన్లకి దుప్పటి, ఎగిరే షాట్లకి అదే రంగు శాటిన్ లైనింగ్ గుడ్డ, రెండూ ఉండాలి. మెడ దగ్గర ముడి వేయకండి, పిన్నీసూ వద్దు. టిచ్ బటన్లు పెట్టండి, ఎక్కడైనా తగులుకుంటే గుడ్డ ఊడి వస్తుంది, పీక బిగుసుకోదు.

డ్రెస్సులో ఎక్కడా ఆకుపచ్చ రాకూడదు, కారణం కింద చెబుతాను. ముసుగు స్టేషనరీ షాపులో దొరికే ఫోమ్ షీటుతో చేసుకోవచ్చు. నోరు, కనుబొమ్మలు బయటికి కనబడాలి. కనుబొమ్మలు కప్పేస్తే సగం నటన పోయినట్టే. ఎండలో గంటకోసారి ముసుగు తీయించి నీళ్లు ఇవ్వండి.

7. ఎగిరే షాట్లు

ఫ్యూజు వీరుడికి ఎగరడం రాదు. అయినా ఒక్కసారైనా ఎగరాలి, కలలోనైనా. పోస్టర్ మీద అదే ఉంటుంది. దీనికి నాలుగు దారులు ఉన్నాయి, చవకదానితో మొదలెడతాను.

అసలు చూపించకపోవడం మొదటి దారి. గాలి చప్పుడు, వీధిలో ఐదుగురు తలలు ఒకేసారి ఎడమనుంచి కుడికి తిప్పడం, ఆరేసిన చీర ఒకటి ఎగిరిపడటం. ఐదో మనిషి ఒక క్షణం ఆలస్యంగా తల తిప్పాలి.

రెండోది ఆకాశాన్ని వాడుకోవడం. హీరో నేలమీదే నిలబడి నడుము దగ్గర ముందుకి వంగుతాడు. కెమెరా బాగా కిందనుంచి పైకి, ఛాతీ పైభాగం మాత్రమే ఫ్రేములో, వెనక మొత్తం ఆకాశం. ఎదురుగా పెడెస్టల్ ఫ్యాను. గుడ్డ చివరన చేపలు పట్టే సన్నని నైలాన్ దారం కట్టి ఒకరు వెనక్కి లాగి ఊపుతుంటారు. కెమెరాని మెల్లగా ఇటూ అటూ వాలిస్తే మలుపు తిరుగుతున్నట్టుంటుంది. గ్రాఫిక్స్ ఏమీ లేవు.

మూడోది ఆకుపచ్చ తెర. ముడతల్లేకుండా ఇస్త్రీ చేసిన గుడ్డ కావాలి, ముడతలుంటే కంప్యూటర్ దాన్ని ఒకే రంగుగా చూడలేదు. తెరకి విడిగా రెండు పక్కలనుంచి సమానంగా లైటు పడాలి, నటుడికి వేరే లైటు. నటుడు తెరకి కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే పచ్చదనం చెంపల మీదకి వస్తుంది. ఒక గట్టి స్టూలుకి కూడా ఆకుపచ్చ గుడ్డ చుట్టి దానిమీద బోర్లా పడుకోబెడతారు. అందుకే డ్రెస్సులో ఆకుపచ్చ వద్దన్నది, ఉంటే ఆ భాగం మాయమైపోతుంది. రంగు తీసేసే పనికి డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. పొట్టమీద బరువు పడుతుంది కాబట్టి భోజనం కాగానే ఈ షాట్ పెట్టకండి.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టం: గోడ ఎక్కడం. 1966లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్' టీవీ సీరియల్లో వీరులిద్దరూ తాడు పట్టుకుని బిల్డింగు ఎక్కేవాళ్లు. నిజానికి నేలమీద వంగి నడిచేవాళ్లు, కెమెరాని పక్కకి తిప్పి పెట్టేవాళ్లు. మీరూ అలాగే. గోడలా కనబడే రంగు షీటు నేలమీద పరవండి, ఫోన్‌ని తొంభై డిగ్రీలు తిప్పండి, హీరో తాడు పట్టుకుని వంగి నడుస్తాడు. గుడ్డ మాత్రం నిజం నేలవైపు వేలాడిపోతుంది, అక్కడే దొంగతనం బయటపడుతుంది. దాని అంచుకి నైలాన్ దారం కట్టి అతని వెనకవైపుకి నేలకి సమానంగా లాగి పట్టుకోండి, అప్పుడు కిందికి వేలాడుతున్నట్టు ఉంటుంది. ఆ సీరియల్లో కిటికీలోంచి ఎవరో ఒక ప్రముఖుడు తల బయటపెట్టి పలకరించేవాడు. మనకీ కిటికీ కావాలంటే రెండు చెక్కమంచాలు దగ్గరగా వేసి మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదలండి. షీటు మంచాల మీద పరిచి ఆ ఖాళీ దగ్గర కోసి ఫ్రేము పెట్టండి. ఖాళీలో కూర్చున్న ఆంటీ తల పైకెత్తుతుంది: "బాబూ, కేబుల్ కనెక్షన్ కోసమేనా? నాలుగు రోజులైంది ఫోన్ చేసి."

చేతితో చేసే మాయలు మనవాళ్లకి కొత్త కాదు. సురభి నాటకాలు చూశారా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. తరాలుగా మాయాబజార్ లాంటి నాటకాల్లో మనుషుల్ని గాల్లోకి లేపుతూ, బాణాలు గాల్లో ఎదురెదురుగా కొట్టుకునేలా చేస్తూ వస్తున్నారు. కంప్యూటర్ లేదు, రెండో టేకు లేదు, జనం ఎదురుగా కూర్చుని ఉంటారు. మీ దగ్గర్లో వాళ్ల నాటకం పడితే ఆర్ట్ చూసుకునే మీ ఫ్రెండ్‌ని టికెట్ కొని మరీ పంపండి. తీగ ఎక్కడ ఉందో చూడమనకండి, తీగ కనబడకుండా లైటు ఎక్కడ పెట్టారో చూడమనండి. ఆ లైటే మీకు కావలసింది.

జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. మనిషిని తాడుతో వేలాడదీయడం ఫైట్ మాస్టర్ల దగ్గర పనిచేసిన రోప్ మనుషులు లేకుండా వద్దు. మేడమీద పిట్టగోడ ఎక్కించకండి. మన కథ కరెంటుది కాబట్టి ఎవరో ఒకరు నిజం స్తంభం దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తీద్దామంటారు. వద్దు. సిమెంటు రంగు వేసిన పీవీసీ పైపుకి రెండు పింగాణీ కప్పులు బోర్లించి కడితే దూరంనుంచి స్తంభమే. డ్రోన్ షాట్ కావాలనుకుంటే, 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అడగరు. అయినా ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ సైట్ మ్యాపులో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

8. షూటింగ్

ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్ లాక్ చేసే యాప్ వాడండి, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా ఉచితంగా దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు సెకను పెట్టుకుంటే ట్యూబులైట్లు మిణుకు మిణుకుమనవు.

చిత్రం కొంచెం మసగ్గా ఉన్నా జనం క్షమిస్తారు, మాట వినబడకపోతే క్షమించరు. కాలర్ మైకులు అద్దెకి తెచ్చుకోండి. ముసుగు సీన్లకి ఎలాగూ డబ్బింగ్ తప్పదు. బట్టల బీరువా తెరిచి దానికేసి తిరిగి మాట్లాడించినా గది మోత రాదు.

కామెడీని దూరంనుంచి తీయండి. మనిషి తల నుంచి కాలిదాకా కనబడుతుంటే దుప్పటి కింద హవాయి చెప్పులు కూడా కనబడతాయి. క్లోజప్ హీరో గంభీరత్వానికి దాచుకోండి. వడియాల సీన్ ఇలా తీస్తాను: మోకాలు నేలకి తాకే క్లోజప్, దుమ్ము, పెద్ద శబ్దం. ముఖం క్లోజప్, తల మెల్లగా పైకి లేస్తుంది. అప్పుడు ఒక్కసారిగా దూరం షాట్. చాపనిండా వడియాలు, మధ్యలో హీరో, మెట్ల దగ్గర పళ్లెం పట్టుకుని నాయనమ్మ. ఎవరూ కదలరు. నాలుగు సెకన్లు పట్టుకోండి. ఎడిటర్ రెండు చాలంటాడు, వినకండి. వడియాలు రెండు చాపలకి సరిపడా ఉండాలి, మొదటి టేకులో ఎవరో ఒకరు నవ్వేస్తారు.

వీధిలో తీయాలంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి అనుమతి తీసుకోండి. పోలీస్ డ్రెస్సులో ఉన్న నటుణ్ణి, బొమ్మ తుపాకీని రోడ్డు మీదకి తీసుకెళ్లకండి, ఆ సీన్లు గదిలో ముగించేయండి. ఖర్చులో పెద్ద భాగం తిండి, పెట్రోలు. టైముకి టిఫిన్ పెడితే డబ్బు తీసుకోకుండా వచ్చిన ఫ్రెండ్ మూడోరోజు కూడా వస్తాడు.

9. ఎడిటింగ్, సౌండ్

బ్రహ్మానందం గారి మీమ్ క్లిప్ ప్రతి జోకు తర్వాతా పెట్టాలనే కోరిక ఈమధ్య అంటురోగంలా ఉంది. ఒకటి, అది వేరేవాళ్ల సొత్తు. రెండు, మీ నటుడు నవ్వించలేకపోయాడని మీరే ఒప్పుకున్నట్టు. నవ్వుల ట్రాక్ కూడా వద్దు.

సంగీతం నిజం సూపర్‌హీరో సినిమాలా భారీగా ఉండాలి, కానీ మీ సొంతదై ఉండాలి. కీబోర్డు వాయించే ఫ్రెండ్‌తో చేయించుకోండి, లేదా యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో వెతకండి. అసలు జోకు సంగీతం ఎక్కడ ఆగిపోతుందన్న దాంట్లో ఉంది. కరెంటు పోగానే బీజీఎం కూడా ఆగిపోవాలి, కరెంటొచ్చాక ఆగిన స్వరం దగ్గరే మళ్లీ ఎత్తుకోవాలి. ఇలా సినిమాలో రెండుసార్లు చేయండి, మూడోసారి చేయకండి. మూడోసారి కూడా ఆగుతుందని జనం చెవులు రిక్కిస్తారు, ఆగదు, అప్పుడు నవ్వుతారు.

శబ్దాలు మీరే చేయండి. తడి తువ్వాలు బండకేసి కొడితే గుద్దు, గొడుగు గుడ్డ విదిలిస్తే రెక్కల చప్పుడు. చిన్న పనికి పెద్ద శబ్దం పెట్టండి. హీరో స్విచ్ వేస్తే కోటతలుపు మూసిన మోత రావాలి.

మొదటి కట్ పూర్తయ్యాక మీ టీముతో సంబంధం లేని ఐదారుగురికి చూపించండి. తెర చూడకండి, వాళ్ల ముఖాలు చూడండి. నవ్వనిచోట ఏం జరిగిందని అడగొద్దు, టైమ్ రాసుకోండి చాలు. ఇరవై నిమిషాలు సాధారణంగా పదహారవుతుంది.

10. విడుదల

యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. థియేటర్లో టికెట్ పెట్టి వేయాలంటే కావాలి. సెన్సార్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 2023 సవరణ తర్వాత యూఏలో 7, 13, 16 ఏళ్లు దాటినవాళ్లకి అంటూ మూడు మెట్లు వచ్చాయి. అప్‌లోడ్ చేసేటప్పుడు ముందు ప్రైవేటుగా పెట్టి, వేరేవాళ్ల పాటల్నీ క్లిప్పుల్నీ గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఏమైనా పట్టుకుందేమో చూసుకోండి. విడుదల రోజు సాయంత్రం టెన్షన్ పడేకంటే అది నయం. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేయండి, డాలస్‌లో పుట్టిన మీ కజిన్ పిల్లలకి "ఉతికి ఆరేయి" అర్థం కావాలి కదా.

రషెస్ అన్నీ, అంటే ఎడిట్ చేయకముందు తీసిన ఫుటేజీ అంతా, రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరే ఇళ్లలో పెట్టండి. ఎగిరే షాట్ ఒకసారి కుదిరిందంటే దాన్ని రెండో భాగంలోనూ మూడో భాగంలోనూ వాడుకోవచ్చు, సిగ్గుపడక్కర్లేదు. అమెరికాలో ట్రోమా అనే చవక సినిమాల కంపెనీ 1990లో 'సార్జెంట్ కబుకిమ్యాన్' అనే సూపర్‌హీరో కామెడీకి ఒక కారు పల్టీ కొట్టే షాట్ తీసింది. తర్వాత తీసిన ఎన్నో సినిమాల్లో అదే షాట్ మళ్లీ మళ్లీ అతికించింది. ఇప్పుడు ఆ కంపెనీ అభిమానులు థియేటర్లో ఆ కారు కోసమే ఎదురుచూస్తారు.